ప్రళయకావేరి నీరు, వలసపక్షుల రాక

కార్తికమాసము ప్రవేశించి, బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండములు ఒకదాని వెంట నొకటిగా తీరమును తాకి, నగరి కొండల నుండియు సత్యవేటి అడవుల నుండియు ఎఱ్ఱని క్రొత్తనీరు వాగులై వంకలై తూర్పునకు పరుగెత్తు దినములలోనే, సైబీరియా టండ్రా బయళ్ళను, మధ్య ఆసియా గడ్డిమైదానములను, కచ్ఛ దేశపు రణమను ఉప్పుబయలును విడిచి బయలుదేరిన పక్షులు సూళ్ళూరుపేటకు తూర్పున పరచుకొనియున్న పులికాట్ సరస్సున దిగుచుండును. నీటి ప్రయాణమును పక్షి ప్రయాణమును ఒకే ఋతువున ఒకే చోట ముగియుట యాదృచ్ఛికము కాదు. ఆ నీటి త్రోవలో ఎచ్చట ఏ మార్పు కలిగినను దాని ఫలము పక్షుల రాకపై ఎట్లు పడుచున్నదో, నేడు మీతో విచారింపవలెనని నా కోరిక.

తెలుగువారు ప్రళయకావేరి యని వ్యవహరించు ఈ సరస్సు, ఒడిషాలోని చిలికా తరువాత, మన దేశమందలి ఉప్పునీటి సరస్సులలో రెండవది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 17 కిలోమీటర్ల వఱకు ఉన్నది. దాని అధికభాగము ఆంధ్రప్రదేశమునందును, దక్షిణపు కొన తమిళనాడునందును ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పునర్వ్యవస్థీకరింపబడినప్పుడు సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రము, చిట్టమూరు, వాకాడు ప్రాంతములు నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరుటచేత, ఈ సరస్సు బాధ్యత నేడు మన జిల్లా బాధ్యత యైనది. తూర్పున సముద్రమునకును సరస్సునకును నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచియున్నది. లోపల ఇరకము, వేనాడు వంటి దీవులు కలవు. నీరు తగ్గిన వేళ 250 చదరపు కిలోమీటర్లకు ముడుచుకొని, పోటు వేళ 460 వఱకు వ్యాపించునట్టి ఈ జలాశయపు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఇంతటి విస్తీర్ణమునకు ఇంత స్వల్పమైన లోతు ఉండుటయే దీని విశిష్టత. ఒక్క అడుగు నీరు తగ్గినచో క్రోసుల కొలది నేల బయటపడును. ఒక్క అడుగు పెరిగినచో అంత నేలయు మునిగిపోవును.

పక్షికి నీరు కావలెనని మనము సామాన్యముగా అనుకొందుము. ఎంత లోతు నీరు కావలెనను ప్రశ్న మనకు తోచదు. పక్షికి మాత్రము అదియే జీవన్మరణముల ప్రశ్న. పాతిక ముప్పది గ్రాముల బరువు మాత్రమే కలిగి, ఉత్తరధ్రువపు అంచులలో గ్రుడ్లు పెట్టి, శీతకాలమునకు ఇంత దూరము ఎగిరివచ్చు చిన్న ఉల్లంకి పిట్ట, తడి బురదపై అంగుళము లోతు నీటి అంచున మాత్రమే మేయగలదు. అంతకు మించినచో దాని కాలు మునుగును, బురద ఎండి గట్టిపడినచో దాని ముక్కు దిగదు. సూదితోక బాతులు, పరజలు మొదలగునవి తల క్రిందికి, తోక మీదికి చేసి అడుగున గల గింజలను, గడ్డి దుంపలను అందుకొనును గనుక, వాటి మెడ ఎంత పొడవో అంత లోతు నీరే వాటికి అన్నము పెట్టు నీరు. రాజహంస యని మనవారు పిలుచు ఫ్లెమింగోకు మోకాలిబంటి నీరు కావలెను. గూడబాతునకు చేప ఈదగలిగినంత నీరు కావలెను. ఒకే సరస్సు ఒకే దినమున ఇన్ని లోతులను ఇన్ని మెట్లుగా పరచియుంచుట చేతనే ఇన్ని జాతులు ఒకదానితో నొకటి కలహింపక ఇచ్చట చలికాలము గడుపగలుగుచున్నవి. అందుచేత సరస్సున నీరున్నదా లేదా యని మాత్రమే చూచువాడు సగమే చూచినవాడు; ఏ మెట్టు నీరు ఏ నెల వఱకు నిలిచియున్నదని చూడవలెను.

రాజహంసను గూర్చి కొంత విపులముగా చెప్పుటకు మీ అనుమతి కోరుచున్నాను. ఏలయన పులికాట్ అనగానే మనకు స్ఫురించునది ఆ పక్షియే, దాని పేరిటనే సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుచున్నది, ఐనను దాని భోజనవిధానమును ఎఱిగినవారు కొలదిమందియే. అది పొడవైన మెడను వంచి, తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, పై దవడ క్రిందికి వచ్చునట్లుగా ముక్కును ఉంచి, నాలుకను ముందునకు వెనుకకు ఆడించుచు బురదనీటిని లోనికి లాగి బయటికి నెట్టును. ముక్కు అంచున గల సన్నని పళ్ళ వంటి వరుసలు నీటిని పోనిచ్చి, అందలి సూక్ష్మమైన రొయ్యజాతి జీవులను, పురుగు పిల్లలను, నాచును నిలిపివేయును. అడుగున దాగిన ఆహారము పైకి లేచుటకై అది పాదములతో బురదను త్రొక్కుచు తిరుగును. దాని రెక్కలయందలి గులాబివన్నెయు ఈ ఆహారము నుండి వచ్చినదే. ఈ జీవులు ఒక పరిమితి గల ఉప్పదనమున మాత్రమే వృద్ధి పొందును. నదీజలము మిక్కుటమై నీరు తియ్యనైనను, ఎండలకు ఇగిరి ఉప్పు గడ్డకట్టినను రాజహంసకు ఆహారము కొఱవడును. కావున ఆ పక్షి గుంపుగా నిలిచిన చోటు, నదియు సముద్రమును తమ పాళ్ళను సరిగా కలిపిన చోటని మనము నిశ్చయింపవచ్చును.

ఈ పక్షుల పుట్టిల్లు పెక్కింటికి గుజరాత రాష్ట్రమందలి కచ్ఛపు పెద్ద రణము. 1945లో కచ్ఛ మహారావు ఆహ్వానముపై ఆ చోటికి పోయిన పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ, అచ్చట బురదదిబ్బలపై గూళ్ళు కట్టిన రాజహంసల సంఖ్యను సుమారు 5 లక్షలుగా అంచనా వేసినారు. రణమున వాన కురిసి నీరు నిలిచిన సంవత్సరముననే అవి గూళ్ళు కట్టును. అనావృష్టి కలిగినచో ఆ యేటికి సంతానము లేదు. జతకు ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టు పక్షికి ఒక సంవత్సరము వ్యర్థమగుట సామాన్యమైన నష్టము కాదు. పులికాట్‌లో కనబడు రాజహంసల సంఖ్యలో పులికాట్ నీటి లెక్కయే కాక కచ్ఛము నీటి లెక్కయు ఇమిడియున్నదని గ్రహించినచో, ఒక సరస్సును ఒంటరిగా రక్షించుట యెంత అసంపూర్ణమైన పనియో బోధపడును.

ఇక నదుల సంగతి. పులికాట్‌ను పోషించునవి మూడు చిన్న నదులు. మూడింటికిని జన్మస్థానము మన చిత్తూరు, తిరుపతి సీమల కొండలే. అరణి నది నారాయణవనము, నాగలాపురము ప్రాంతముల మీదుగా, శివుడు శయనించియున్న సురుటుపల్లి క్షేత్రమును ఒరసికొని, తమిళనాట ప్రవేశించి సరస్సు దక్షిణపు కొనను చేరును. కాళంగి సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడి ప్రక్కగా పోయి సరస్సున కలియును. చంద్రగిరి వైపు కొండలలో పుట్టి తిరుచానూరును, శ్రీకాళహస్తిని, నాయుడుపేటను దర్శించి వచ్చు స్వర్ణముఖి వాకాటి దరిని సముద్రమును చేరుచు, తన వఱదనీటిలో కొంత భాగమును సరస్సు ఉత్తరభాగమునకు ఇచ్చును. ఇవి జీవనదులు కావు. ఈశాన్య ఋతుపవనములు ఇచ్చిన రెండు మూడు నెలల వఱదయే వీటి సర్వస్వము. ఆ వఱదను మనము పిచ్చాటూరు కడ 1958 నాటి అరణియార్ జలాశయమున నిలిపినాము; స్వర్ణముఖికి ఉపనదియైన కల్యాణిపై ఆనకట్ట కట్టి తిరుపతి దాహము తీర్చుకొన్నాము. సేద్యమునకును త్రాగుటకును నీరు నిలుపుకొనుట తప్పని నేననను. కరవుసీమలో పుట్టినవాడెవడును అట్లనజాలడు. కాని ఆ నీటి లెక్క వ్రాసిన నాడు చివర నున్న సరస్సునకు ఒక పద్దు వ్రాయకపోతిమి. స్వర్ణముఖి గర్భమున ఇసుకను త్రవ్వి తీసికొనిపోయినందున ఏఱు లోతుపడి, వచ్చిన కొద్ది నీరును గుంటలలోనే ఇంకిపోవుచున్నది. పూర్వము గొలుసుకట్టుగా ఒక చెఱువు అలుగు మఱియొక చెఱువునకు పాఱి, తుదకు సరస్సును చేరు నీరు, పూడిన కాలువలలోను ఆక్రమింపబడిన అలుగు వాగులలోను దారి తప్పుచున్నది. నదిపై ఆధారపడిన సరస్సునకు నీరు తగ్గుట ఒక్కటియే కష్టము కాదు. వఱద సకాలమున రాకపోవుట అంతకంటె పెద్ద కష్టము. అక్టోబరులో దిగిన పక్షికి జనవరిలో వచ్చిన నీరు ఏమి ప్రయోజనము?

పడమట నదులు ఎట్లో, తూర్పున సముద్రము అట్లే. సరస్సునకు సముద్రముతో కలయిక దక్షిణమున పళవేర్కాడు కడను, ఉత్తరమున రాయదొరువు, తూపిలిపాళెము కడను ఉండెడిది. అలలు తీరము వెంబడి తెచ్చి వేయు ఇసుకచేత ఉత్తరపు ముఖద్వారములు పూడిపోయినవి. నదికి బలమున్న నాడు వఱద తానే ఆ ఇసుకను త్రోసివేసి త్రోవ తెఱచుకొనెడిది. నదికి బలము తగ్గిన పిదప ఇసుకదే పైచేయి యైనది. పడమటి లోపమే తూర్పు లోపమునకు కారణమైనదని ఇందువలన తెలియుచున్నది. ముఖద్వారము మూసికొనినచో, వానకాలమున సరస్సు ఇంచుమించు మంచినీటి చెఱువగును. వేసవిలో సముద్రముకంటెను ఉప్పనై, ఉత్తరభాగము మైళ్ళకొలది తెల్లని ఉప్పుపఱ్ఱగా ఎండిపోవును. రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టగా, దాని పిల్లలు ముఖద్వారమున సరస్సులోనికి వచ్చి పెరిగి తిరిగి సముద్రమునకు పోవునట్లు సృష్టి ఏర్పాటు చేసినది. ద్వారము మూసినచో ఆ రొయ్య లేదు. రొయ్య లేనిచో వలవేయు పట్టపువారికి జీవనము లేదు, నీటిలో దిగి చేతితో తడివి రొయ్యను పట్టి బ్రతుకు యానాదికి కూడు లేదు, పక్షికిని మేత లేదు. సరస్సుపై వేటకు వంతులు నిర్ణయించుకొని, పాడు అను కట్టుబాటుతో తరతరములుగా ఒకరి హక్కు నొకరు మన్నించుకొనుచు వచ్చిన కుటుంబములు నేడు కూలిపనులకై దూర పట్టణములకు పోవుట చూచినప్పుడు, వలస పక్షులకు మాత్రమే కాదు గదా యని మనస్సు కలతపడును.

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకొని పోవు రోడ్డును గూర్చి చెప్పక తప్పదు. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుండి తొలి రాకెట్టు ఎగసిన నాటినుండి మన దేశము అంతరిక్షమున సాధించిన పెక్కు విజయములకు ఈ మార్గమే వాహిక. దాని ఆవశ్యకతను ఎవ్వరును కాదనలేరు. అయితే మట్టికట్టపై వేసిన ఈ దారి సరస్సును ఉత్తర దక్షిణములుగా విభజించినది. కట్ట క్రిందుగా తూములు ఉన్నను, వాటిగుండ పోవు నీరు పూర్వము విశాలముగా పాఱిన నీటికి సాటి రాదు. ముఖద్వారములు పూడిన ఉత్తరార్ధమునకు దక్షిణపు పోటునీరు కూడ చాలినంతగా అందక, అది ముందుగా ఎండిపోవుచున్నది. చలికాలపు ఉదయమున ఆ రోడ్డుపై బస్సులో పోవువారికి ఇరువైపుల పక్షులు సమీపమున కనబడి ఆనందము కలుగును. ఆ ఆనందము నాకును అనుభవమే. కాని పక్షులు రోడ్డు దాపునకు వచ్చుట మనపై మక్కువచేత కాదు, మేతకు తగిన నీరు కట్ట ప్రక్కల పల్లములలో మిగిలియుండుటచేత. కట్ట క్రింది తూములకు బదులు, కట్ట నడుమ వెడల్పైన వంతెనలు అధికముగా నిర్మించినచో, అంతరిక్షకేంద్రపు పనికి ఏ ఆటంకమును లేకుండ సరస్సు మరల ఒకటి కాగలదు.

సరస్సునకు పడమట, దొరవారిసత్రము దగ్గఱ నేలపట్టు కలదు. 1976లో పులికాట్‌తో పాటు పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటింపబడిన ఈ చోటు 459 హెక్టార్లకు మించదు. ఐనను గూడబాతులు గూళ్ళు కట్టు స్థలములలో దీనికి దేశమంతట పేరున్నది. చెఱువు నీటిలో మొలిచి, సగము మునిగి నిలిచిన కడప చెట్లపై గూడబాతులును, వాటి తోడుగా నత్తగుల్ల కొంగలును, తెల్ల కంకణములును, నీటికాకులును సంతతిని పెంచుకొనును. చెట్టు మొదట నీరుండుటయే పక్షికి కోట. నీరున్నంతకాలము పిల్లులు, నక్కలు గూటికడకు రాలేవు. పక్షిరెట్టలు కలిసిన చెఱువునీరు పొలమునకు బలమని యెఱిగిన నేలపట్టు రైతులు, ఏ చట్టమును పుట్టక పూర్వమే ఆ పక్షులపై రాయి వేయనీయక కాపాడినారు. ఈశాన్యపు వానలు తప్పిన యేడు చెఱువు నిండదు, గూళ్ళు కట్టిన జంటలు తగ్గును. నడుమ నీరు ఎండినచో పిల్లలను విడిచి పెద్దపక్షులు పోవుటయు జరుగును. ఆ పిల్లలకు మేపు చేప ఈ చెఱువుది కాదు. పులికాట్ నుండియు చుట్టుపట్ల చెఱువుల నుండియు తల్లిదండ్రులు సంచివంటి తమ గొంతుకలలో మోసికొని తెచ్చినది. కావున నేలపట్టు నిండియు పులికాట్ ఎండినచో ఇంట నీరుండి వంట లేనట్లగును.

ఇట్టి భయము వట్టి ఊహ కాదు. కొల్లేటి ప్రాంతమున, పశ్చిమ గోదావరి జిల్లాలో, వేలకొలది గూడబాతులు గూళ్ళు కట్టుచున్న చోటును 1946లో కె.కె. నీలకంఠన్ గారు గుర్తించి లోకమునకు తెలిపిరి. ముప్పది సంవత్సరములు గడవకముందే, 1970ల నడుమనాటికి, పక్షులు దానిని పూర్తిగా విడిచిపోయినవి. తరతరముల గూడును పక్షి యొక్కనాడు విడువదు. మేతకు పోవు దూరము కొంచెము కొంచెముగా పెరిగి, తెచ్చిన చేప పిల్లకు చాలక, చివరకు ఒక యేడు రాక మానును. ఆ తరువాత మన కొల్లేరు చేపల చెఱువుల గట్లతో గళ్ళుగళ్ళుగా మారుటయు, 1999లో రక్షితప్రాంత ప్రకటనయు, 2006లో గట్లను తెగగొట్టుటయు మీకు తెలిసిన చరిత్రమే. తీరమున రొయ్యల చెఱువుల ఉప్పెన పులికాట్‌నకును వచ్చినది. సర్వోదయ నాయకులు జగన్నాథన్ గారు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పుచు, చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపున రొయ్యల చెఱువులు త్రవ్వరాదని పేర్కొని, అందు నేలపట్టు పేరును సైతము ఎత్తి చెప్పినది. ఒక చిన్న పల్లె చెఱువు పేరు దేశపు అత్యున్నత న్యాయస్థానపు తీర్పులోనికి పక్షుల కారణమున ఎక్కుట నాకు ఎంతయు గౌరవాస్పదముగా తోచును.

పక్షుల సంఖ్య తగ్గినదని వార్త వచ్చినప్పుడు మనము తొందరపడి అవి నశించినవని అనుకొనరాదు. పెరిగినదని వచ్చినప్పుడు సరస్సు బాగుపడినదనియు అనుకొనరాదు. వఱద మిక్కుటమైన యేడు పులికాట్ లోతై, కాలు పొడవు తక్కువైన పక్షులు చుట్టుపట్ల వరిమళ్ళకు, చెఱువులకు చెదరిపోవును. అప్పుడు సరస్సున లెక్క తగ్గును. వానలు తక్కువైన యేడు దేశమంతట చెఱువులు ఎండిపోగా, మిగిలిన కొద్ది నీటికి ఎచ్చటెచ్చటి పక్షులును గుమిగూడును; అప్పుడు లెక్క పెరుగును, ఆకలియు పెరుగును. 1987 నుండి ఆసియా దేశములలో ప్రతి జనవరిలోను జరుగు నీటిపక్షుల లెక్కింపు విలువ ఇందుచేతనే గొప్పది; ఒక చోటి అంకెను పది చోట్ల అంకెలతోను, ఒక యేటి అంకెను ఇరువది యేండ్ల అంకెలతోను పోల్చినప్పుడే అది సత్యము చెప్పును.

చిలికా సరస్సునకు కూడ ఇట్టి దశయే కలిగినది. దాని ముఖద్వారము దూరమై, ఇసుక పూడి, ఉప్పదనము తగ్గి, నీటికలుపు వ్యాపించి, మత్స్యసంపద క్షీణించినప్పుడు, ఆపదలోనున్న సరస్సుల అంతర్జాతీయ పట్టికలో 1993లో దానిని చేర్చిరి. 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారము తెఱచిన తరువాత చేపలు, రొయ్యలు తిరిగి వచ్చినవి. 2002లో ఆ పట్టిక నుండి దానికి విముక్తి కలిగినది. పులికాట్ వాసులు రాయదొరువును తెఱపించుడని దీర్ఘకాలముగా చేయుచున్న విన్నపము న్యాయమైనదని చిలికా నిరూపించుచున్నది. ఐతే ఒక హెచ్చరిక చేయక తప్పదు. ముఖద్వారపు పూడిక తీయుట వేఱు, సరస్సు కడుపును త్రవ్వుట వేఱు. పడవలకు లోతు కావలెనను ఆత్రమున మెరక బురదలన్నిటిని త్రవ్వి పోసినచో, మోకాలిబంటి నీటిని నమ్ముకొన్న పక్షికి నిలువ చోటుండదు. జాలరికిని పక్షికిని ఇచ్చట ప్రయోజనము కొంత భేదించును. ఆ భేదమును మరుగుపరచుట కంటె, ఏ భాగము ఎవరికో సరస్సు పటమును ముందుంచుకొని, దీవులవారిని, పట్టపువారిని, యానాదులను కూర్చుండబెట్టి నిర్ణయించుకొనుట మేలు.

ఈ పని కంతకును ముందు కావలసినది ఒక లెక్కపుస్తకము. అరణియార్ జలాశయపు తలుపులు తెఱచిన తేదీలు, కాళంగి వఱద సూళ్ళూరుపేట వంతెనను తాకిన ఎత్తు, రాయదొరువు తెఱచియుండిన దినములు, రోడ్డుకు ఉత్తరమునను దక్షిణమునను ప్రతి పక్షమునందును కొలిచిన నీటి లోతు, ఉప్పు, నేలపట్టున గూళ్ళ సంఖ్య, జనవరి లెక్కింపులో పక్షుల సంఖ్య – ఇవన్నియు ఒక్కొక్కటి ఒక్కొక్క శాఖవారి కాగితములలో చెదరియుండక, ఒకే చోట, వరుసగా, పదేండ్లపాటు వ్రాయబడవలెను. నిలువుకఱ్ఱపై గీతలు గీచి నీటి లోతు చూచుటకును, సీసాలో నీరు పట్టి ఉప్పు కొలుచుటకును గొప్ప యంత్రములు అవసరము లేదు. సూళ్ళూరుపేట, తడ, నాయుడుపేట పాఠశాలల, కళాశాలల విద్యార్థులు, వారి ఉపాధ్యాయులు పూనుకొని, అటవీశాఖవారును నీటిపారుదల శాఖవారును తమ అంకెలను వారికి అందించినచో, రాబోవు ఈశాన్యపు వానలతోనే ఆ పుస్తకమున మొదటి పుట వ్రాయవచ్చును.